పరయా: డప్పు నుంచి నిఘంటువు దాకా

ఇంగ్లీషు పత్రికలు చదివే అలవాటున్న వాళ్లకి 'పరయా' అన్న మాట కొత్తది కాదు. నలుగురూ కలిసి ఒక దేశం మీద ఆంక్షలు పెడితే అది పరయా దేశం. సొంత పార్టీలో ఎవరూ పలకరించని నాయకుడు పరయా. మన వీధుల్లో తిరిగే ఊరకుక్క కూడా వాళ్లకి పరయా కుక్కే. ఇంగ్లీషు నిఘంటువు తీస్తే, సమాజం దూరం పెట్టిన మనిషి అన్న అర్థం కనిపిస్తుంది. ఇది ఒక కులం పేరని, ఆ కులంలో పుట్టినవాళ్లు తమిళనాడులో ఈ రోజుకీ లక్షల సంఖ్యలో ఉన్నారని, ఆ పేరుతోనే తిట్లు తింటున్నారని ఆ వాక్యం రాసే సంపాదకుడికి గుర్తుండదు. గుర్తున్నా పట్టదు. మన పల్లెల్లో మాల, మాదిగ పేర్లని తిట్లుగా వాడే నోళ్లు ఉన్నాయి గదా, ఇది ఆ నోటికి దొరికిన అంతర్జాతీయ భాష.

మాటల పుట్టుక వెతకడం పండితుల కాలక్షేపమని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. అది పూర్తిగా తప్పని మేము అనం. ఏ మాటనైనా లాక్కెళ్లి సంస్కృత ధాతువుకి కట్టేసే పండితుల్ని చూసిన వాళ్లకి ఆ అభిప్రాయం రాకుండా ఎట్లా ఉంటుంది? కాని ఈ మాట సంగతి వేరు. దీని వేరు ఏమిటన్న దాని మీద దళితులే ఒకరితో ఒకరు వాదించుకున్నారు. ఆ వాదంలోంచి సంఘాలు పుట్టాయి, పత్రికలు పుట్టాయి, ప్రభుత్వ రికార్డుల్లో పేర్లు మారాయి. అందుకని ఈ మాటని ఇంగ్లీషు నుంచి వెనక్కి, అది దాటి వచ్చిన భాషలు ఒక్కొక్కటిగా దాటుకుంటూ చూద్దాం.

ఇంగ్లీషులో ఈ మాట అచ్చులో కనిపించేది 1613లో, శామ్యూల్ పర్చస్ అనే ఆయన యాత్రికుల రాతలు పోగుచేసి వేసిన పుస్తకంలో. ఈ పర్చస్ ఎప్పుడూ ఇండియా మొహం చూసినవాడు కాదు. వాళ్ల రాతలూ వీళ్ల రాతలూ చదివి రాసుకున్నాడు. అతనికంటే వంద సంవత్సరాల ముందే పోర్చుగీసు వాళ్ల నోట్లో ఈ మాట ఉంది. దువార్తె బార్బోసా అనే పోర్చుగీసు ఉద్యోగి 1516 ప్రాంతంలో మలబారు తీరం గురించి రాస్తూ 'పరేయాస్' అనే మనుషుల్ని ప్రస్తావించాడు. వీళ్లు ఎవరూ తిరగని చోట్ల ఉంటారని, వీళ్లతో ఎవరికీ పొత్తు ఉండదని, దయ్యం కంటే హీనంగా వీళ్లని చూస్తారని అతను రాసిన దాని సారాంశం. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పోర్చుగీసు వాడు ఓడ దిగి సరాసరి పరైయర్ల గుడిసెకి పోయి అడిగి రాసింది కాదిది. వాళ్లని ఎట్లా చూస్తారో చూసేవాళ్ల దగ్గర విని రాసింది. కాబట్టి ఆ మాట ఓడ ఎక్కేటప్పుడే సవర్ణుడి చూపుని మూట కట్టుకుని ఎక్కింది.

ఆ తరవాత వచ్చిన డచ్చి వాళ్లతోనూ ఇదే వరస. అబ్రహాం రోజెరియస్ అనే డచ్చి పాదిరీ పులికాట్‌లో ఉండి హిందువుల ఆచారాల గురించి రాసిన పుస్తకం 1651లో అచ్చయింది. పులికాట్ అంటే మన నెల్లూరు సరిహద్దున ఉన్న సరస్సు పక్క ఊరు, అప్పట్లో డచ్చి వాళ్ల కోట. అందులోనూ పరైయర్ల ప్రస్తావన ఉంది. ఆయనకి ఈ దేశపు సంగతులు చెప్పిన ముఖ్యమైన మనిషి పద్మనాభుడు అనే బ్రాహ్మణుడు. మన చరిత్ర మన గురించి కాకుండా మన మీద రాయబడిందని అంటున్నామంటే కారణం ఇట్లాంటివే. యూరపు వాడు ఈ దేశాన్ని చూసిన కళ్లజోడు ఇక్కడ తయారైందే. వలసపాలకులే కులాన్ని పుట్టించారని ఈ మధ్య వాదిస్తున్న మేధావులు ఈ పద్మనాభుణ్ణి ఏ లెక్కలో వేస్తారో చెప్పాలి.

ఇక మాట రూపం. తమిళంలో ఒక్క మనిషిని అంటే 'పరైయన్'. బహువచనానికీ, మర్యాదకీ 'పరైయర్'. తమిళ పల్లెల్లో సవర్ణుడి నోట 'అన్' తప్ప 'అర్' వచ్చేది కాదు. యూరపు భాషల్లోకి పోయింది మాత్రం ఈ బహువచన రూపమే. పాత ఇంగ్లీషు రాతల్లో 'పరియార్' అన్న రూపం కూడా కనబడుతుంది. తరవాత చివరి 'ర' రాలిపోయింది. ఫ్రెంచిలో 'పరియా', ఇంగ్లీషులో 'పరయా' మిగిలాయి. నాలుక మీద చివరి అక్షరం రాలడం మామూలే. కాని దాంతో పాటు రాలిపోయింది ఏమిటన్నదే మా ప్రశ్న.

తమిళంలో 'పఱై' అంటే డప్పు. ఆ బండి ఱ ఇంగ్లీషులో లేదు, మనమూ రాతలో వదిలేశాం. అందుకని ఇకపై మామూలు ర తోనే రాస్తాం. ఈ పరై అన్న మాటకి తమిళంలో ఇంకో అర్థం కూడా ఉంది, చెప్పడం, చాటడం. పక్కనే ఉన్న మలయాళంలో ఈ రెండో అర్థం నిత్యం నోట్లో నానుతుంది. 'పరయుక' అంటే అక్కడ చెప్పడం, ఏ కులం వాడైనా రోజుకి వందసార్లు అనే మాట. నంబూద్రి కూడా నోరు తెరిచి ఏదైనా చెప్పాలంటే ఆ క్రియ వాడాల్సిందే! డప్పుకీ చెప్పడానికీ మధ్య దూరం ఎంతని మన తెలుగు వాళ్లని ఎవరూ అడగక్కర్లేదు. దండోరా వేశారంటే డప్పు కొట్టారనీ అర్థం, కబురు చెప్పారనీ అర్థం.

ఈ పేరు ఎంత పాతది? సంగం కాలపు తమిళ సంకలనం పురనానూరులో 335వ పద్యం తుడియన్, పాణన్, పరైయన్, కడంబన్ అనే నలుగురి పేర్లు చెప్పి, ఇవి తప్ప వేరే కుడులు లేవంటుంది. కుడి అంటే ఇల్లు, వంశం, ఊరివాళ్లు. అక్కడ పరైయన్ పక్కన కూర్చున్నవాళ్లలో వాద్యగాళ్లు, పాటగాళ్లు ఉన్నారు. ఆ కాలంలో అంటు లేదని ఒక్క పద్యం పట్టుకుని మేము తీర్మానం చెయ్యం. కాని పేరు చెప్పిన తీరులో అసహ్యం లేదు, అంత వరకు ఖాయం. అక్కణ్ణుంచి పదకొండో శతాబ్దం మొదటికి వస్తే తంజావూరు పెద్ద గుడి మీద రాజరాజ చోళుడి శాసనాలున్నాయి. ఊళ్లల్లో పన్ను వెయ్యని స్థలాలు లెక్కపెడుతూ అవి ఊరినీ 'పరైచ్చేరి'నీ వేరువేరుగా పేర్కొంటాయి. 'తీండాచ్చేరి' అన్న మాట కూడా ఉంది, అంటే ముట్టకూడని వాళ్ల వాడ. గుడి కట్టినప్పుడే వాడ కూడా రాతిలోకి ఎక్కింది. చోళుల శిల్పకళ పాఠం చెప్పే టీచర్లు ఈ శాసనాల్ని కూడా అదే పీరియడ్లో చెప్తే బాగుంటుంది.

పందొమ్మిదో శతాబ్దంలో భాషా పండితులు ఈ మాట మీద పడ్డారు. కొందరు దీన్ని 'పహాడియా', అంటే కొండవాడు అనే ఉత్తరాది మాట నుంచి తెచ్చారు. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన బిషప్ కాల్డ్వెల్ దాన్ని ఒప్పుకోలేదు. డప్పు నుంచే వచ్చిందని తేల్చాడు. భాష లెక్కలో ఆయన మాటే నిలిచింది. కాని ఒక మెలిక ఉంది. పరైయర్లలో డప్పు కొట్టేవాళ్లు కొందరే. అత్యధికులు పొలంలో చాకిరీ చేసినవాళ్లు, వరి నాటినవాళ్లు, కోసినవాళ్లు. డప్పు పేరు మీద కులం మొత్తానికి ఒక వృత్తి అంటగట్టి, చావుకి డప్పు కొట్టడం మీ పుట్టుకలోనే ఉందని చెప్పడానికి ఈ వ్యుత్పత్తి బాగా పనికొచ్చింది. వ్యుత్పత్తి నిజమైనా దాన్ని వాడుకున్న తీరు నిజం కాదు. మన దగ్గర చెప్పుకీ మాదిగకీ వేసిన ముడి కూడా ఇట్లాంటిదే.

ఇక ఈ మాట యూరపులో ఏం చేసిందో చూద్దాం. 1791లో బెర్నార్దాఁ ద సాఁ-పియెర్ అనే ఫ్రెంచి రచయిత ఇండియా గుడిసె మీద ఒక కథ రాశాడు. సత్యం వెతుకుతూ బయలుదేరిన ఇంగ్లీషు పండితుడు జగన్నాథంలో పెద్ద బ్రాహ్మణుణ్ణి అడిగితే దొరకదు. గాలివానలో తలదాచుకున్న పరియా గుడిసెలో దొరుకుతుంది. ఆ పరియా భార్య సతీసహగమనం తప్పించుకున్న బ్రాహ్మణ వితంతువు. ఈ కథ యూరపు భాషల్లో విపరీతంగా చదివారు. 1821లో దెలావిఞ్ పారిసులో 'లె పరియా' నాటకం వేయించాడు. 1823లో మిఖాయేల్ బేర్ అనే జర్మన్ యూదుడు 'డెర్ పరియా' అని ఇంకో నాటకం రాశాడు. పైకి ఇండియా కథ, లోపల జర్మనీలో యూదుడి గోడు. మరుసటి ఏడు 1824లో గొయెథే పరియా మీద మూడు కవితలు అచ్చు వేశాడు.

గొయెథే దగ్గర కాస్త ఆగాలి. ఆయనకి ఆ కథ దొరికింది సొన్నెరా అనే ఫ్రెంచి యాత్రికుడి పుస్తకంలో (1782). నరికిన బ్రాహ్మణ స్త్రీ తల తెచ్చి అంటరాని స్త్రీ మొండేనికి అతికితే ఆమె దేవత అయిన కథ. ఇది మనకి ఎవరూ జర్మన్ నుంచి అనువదించి చెప్పక్కర్లేదు. బైండ్లవాళ్లు, బవనీలవాళ్లు చెప్పే, చిందువాళ్లు ఆడే రేణుకా ఎల్లమ్మ కథే అది. తలలు తారుమారైన ఆ కథ మన మాదిగవాడల్లో ఆడుతూనే ఉంది. తెలుగు సాహిత్య చరిత్రలు గొయెథేని తలుచుకున్నంతగా చిందు ఎల్లమ్మని తలుచుకోలేదన్నది వేరే వ్యాసానికి సరిపడే విషయం.

1819 నాటికే ఇంగ్లీషులో ఈ మాట ఇండియాతో సంబంధం లేకుండా ఏ వెలిబడ్డ మనిషికైనా వాడటం మొదలైంది. 1838లో ఫ్లోరా ట్రిస్టాన్ తన ఆత్మకథాత్మక యాత్రా గ్రంథానికి ఒక పరియా ప్రయాణాలని పేరు పెట్టుకుంది. తండ్రి ఆస్తి దక్కక, కొట్టే మొగుణ్ణి వదిలేసి, చట్టం ముందు ఏ హక్కూ లేక తిరిగిన ఆడమనిషి ఆమె. కార్మికుల ఐక్యత కోసం మార్క్స్ కంటే ముందు రాసిన మనిషి. ఆమె మీద మాకు గౌరవమే. తరవాత మాక్స్ వేబర్ యూదుల్ని 'పరియా జనం' అని సిద్ధాంతీకరించాడు. 1944లో హన్నా ఆరెంట్ యూదుణ్ణి పరియాగా చూస్తూ పెద్ద వ్యాసం రాసింది. అందులో పరియా తలవంచని మనిషి. పెద్దవాళ్ల గడపల్లో దూరిపోవాలని చూసే యూదుడికి ఎదురు నిలబడ్డవాడు.

బాధితులు మన పేరు తీసుకుని తమ బాధ చెప్పుకున్నారు గదా, అందులో అభ్యంతరం ఏముందని అడగొచ్చు. అభ్యంతరం ఆ బాధ మీద కాదు. ఈ రాతలన్నిటిలో పరియా ఒంటరి. అడవిలో ఒక గుడిసె, ఒక తత్వం. అతనికి వాడ లేదు, కూలి లేదు, భూస్వామి లేడు. అసలు పరైయర్ బతుకు ఎట్లా ఉందో 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ రాసిన నివేదికలో ఉంది. సొంత పొలం లేదు, అప్పు కింద తరతరాల చాకిరీ. గుడిసె వేసుకున్న నేల కూడా మిరాసీదారుదే, ఎదురు మాట్లాడితే నిలబడటానికి జాగా ఉండదు. బానిసత్వానికి కోర్టుల్లో చెల్లుబాటు లేదని 1843లోనే చట్టం వచ్చినా పొలంలో అది కొనసాగింది. ఆ నివేదిక మీదే 1892లో ప్రభుత్వం అంటరాని కులాలకి కొంత భూమి కేటాయించాలని ఉత్తర్వు ఇచ్చింది. పంచమి భూములంటే అవే. చాలా భాగం అన్యాక్రాంతమయ్యాయి, వాటి కోసం తమిళనాడులో దళితులు పోరాడారు. 1994లో చెంగల్పట్టులో పోలీసు కాల్పుల దాకా పోయింది. యూరపు నాటకాల్లోని పరియాకి తత్వం దొరికింది, చెంగల్పట్టు పరైయర్‌కి ఇంటిస్థలం దొరకలేదు.

ఇంకో పెద్ద పొరపాటు కూడా ఆ వాడుకలో ఉంది. పరయా అంటే కులం నుంచి గెంటేయబడ్డవాడని యూరపు అనుకుంది. పరైయర్లు ఎక్కణ్ణుంచీ గెంటబడలేదు. వాళ్లది ఒక కులం. వాళ్లకి సొంత పెద్దలు, సొంత దేవతలు, వాళ్ల కంటే కింద అని వాళ్లు చూసే కులాలు కూడా ఉన్నాయి (ఆ సంగతి దాచుకుని ప్రయోజనం లేదు). వాళ్లని కులవ్యవస్థ బయట పడెయ్యలేదు, లోపలే పెట్టి అడుగున తొక్కింది. చాకిరీ చేసేవాడు బయట ఉంటే పొలం ఎట్లా పండుతుంది?

తెలుగు దేశానికి ఈ మాట తెల్లదొరల ఫైళ్ల ద్వారా వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆఫీసు భాషకి ఒక్క తమిళ పేరు చాలు, అన్ని జిల్లాల అంటరానివాళ్లనీ అందులో వేశారు. బ్రౌన్ నిఘంటువు (1852) మాలవాడు అన్న మాటకి పరయా అని అర్థం ఇస్తుంది. 1909 నాటి థర్స్టన్ సంపుటాల్లో మాలల్ని పరిచయం చెయ్యడమే తెలుగుదేశపు పరయాలుగా. మన తాతల పేర్లని పక్క భాషలోని తిట్టుతో వివరించారన్నమాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. యూరపు ఈ మాటతో ఇన్ని పనులు చేస్తున్న కాలంలోనే ఆ పేరు మోస్తున్నవాళ్లు మద్రాసులో ఏం చేశారు? ఇద్దరు మనుషులు, అయోతీదాస్ పండితుడు, రెట్టమలై శ్రీనివాసన్. ఇద్దరూ బంధువులు, శ్రీనివాసన్ సోదరిని అయోతీదాస్ చేసుకున్నాడు. పేరు విషయంలో మాత్రం చెరో దారి.

అయోతీదాస్ సిద్ధవైద్యుడు, తమిళ పండితుడు. 1891లో ద్రవిడ మహాజన సభ పెట్టాడు, 1898లో సింహళం వెళ్లి బౌద్ధం తీసుకున్నాడు, 1907లో 'ఒరు పైసా తమిళన్' పత్రిక మొదలుపెట్టి 1914లో చనిపోయేదాకా నడిపాడు. ఆయన వాదం ఏమిటంటే, మేం పూర్వ బౌద్ధులం, పరైయన్ అన్నది మా పేరు కాదు, మా శత్రువులు మాకు తగిలించింది. ఆ పేరుకి ఆయన డప్పుని ఒప్పుకోలేదు, చెప్పడం అన్న అర్థాన్ని పట్టుకున్నాడు. వేషధారి బ్రాహ్మణుల గుట్టు బయటికి చెప్పినవాళ్లు కాబట్టి ఆ పేరు పడిందన్నాడు. భాషాశాస్త్రం దీన్ని అంగీకరించదు. అయినా కాల్డ్వెల్ చేసిన పనీ అయోతీదాస్ చేసిన పనీ ఒకే తక్కెడలో వెయ్యడం న్యాయం కాదు. కాల్డ్వెల్‌కి అది ఒక మాట. అయోతీదాస్‌కి అది రోజూ బజార్లో తన వీపు మీద పడే దెబ్బ. చరిత్ర రికార్డు లేని చోట మాటల్లోంచి చరిత్ర తవ్వుకోవడం తప్ప ఆయనకి వేరే ఆధారం ఏముంది? ఫూలే మహారాష్ట్రలో బలి రాజు కథతో చేసిందీ ఇదే పని.

శ్రీనివాసన్ 1893లో ఒక పత్రిక పెట్టాడు. దాని పేరే 'పరైయన్'. పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు హక్కు అడగలేడన్నది ఆయన తర్కం. పరైయర్ మహాజన సభ అని సంఘానికీ అదే పేరు. సివిల్ సర్వీసు పరీక్ష ఇండియాలో కూడా పెట్టాలని కాంగ్రెసు వాళ్లు అడుగుతుంటే, పెడితే ఆ కుర్చీలన్నీ సవర్ణులే ఎక్కుతారని పార్లమెంటుకి అర్జీ పంపించింది ఈ సభే. తరవాత 1930లో అంబేద్కర్‌తో కలిసి రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన రెండో మనిషి ఈ శ్రీనివాసనే. వేబర్ 'పరియా జనం' అని రాయడానికి పాతికేళ్ల ముందే ఆ పేరు తలకట్టు మీద వేసుకుని ఒక పత్రిక మద్రాసు వీధుల్లో అమ్ముడైంది. పరియా సిద్ధాంతాల మీద యూనివర్సిటీల్లో పేజీలకి పేజీలు రాసేవాళ్లు ఈ పత్రిక పేరు ఎత్తరు.

అప్పటికప్పుడు గెలిచింది అయోతీదాస్ దారి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ, మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అంది. 1922లో ఎం.సి. రాజా మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టాడు. పరయ, పంచమ అన్న మాటలు సర్కారీ కాగితాల్లోంచి పోవాలి, తమిళ జిల్లాల్లో ఆది ద్రావిడ, తెలుగు జిల్లాల్లో ఆది ఆంధ్ర అని రాయాలి అన్నది దాని సారం. ప్రభుత్వం అంగీకరించింది. మన తాతల సర్టిఫికెట్లలో ఆది ఆంధ్ర అన్న మాట అట్లా వచ్చిందే.

శ్రీనివాసన్ దారి మన దగ్గర ఏడు దశాబ్దాల తరవాత లేచింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా, రెడ్డి, చౌదరి, శర్మ ఉన్న చోట మాదిగ అన్న మాట పేరు చివర పెట్టించింది. ఉద్యమానికి పెట్టుకున్న పేరు దండోరా, చేతికి తీసుకున్నది డప్పు. వర్గీకరణ డిమాండు మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, మాలలూ మాదిగలూ ఇంకా తేల్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నా, తిట్టుని ఇంటిపేరు చేసుకున్న ఆ పని మాత్రం చరిత్రలో చిన్నది కాదు. పరై అన్న మాటకున్న రెండర్థాలూ, డప్పూ చాటడమూ, ఒక్కచోటికి వచ్చింది అక్కడే. తమిళనాడులో కూడా దళిత కళాబృందాలు చావు దగ్గర పరై కొట్టడం మానేసి అదే పరైని సభ వేదిక మీదికి ఎక్కించాయి.

రెండు దార్లలో ఏది సరైందని విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు. పేరు మార్చుకున్నవాడూ, పేరు ఎత్తి పట్టుకున్నవాడూ ఇద్దరూ ఒకటే అన్నారని మేము అనుకుంటున్నాం. మా పేరేమిటో నువ్వు చెప్పకు అని. ఇంగ్లీషు 'పరయా'తో మా పేచీ అక్కడే. ఆ వాడుకలో ఆ పేరు గలవాళ్ల ఒప్పుదల ఎప్పుడూ లేదు.

1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీ మనిషిని నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే నేరం. తమిళ పల్లెలో ఒకడు పరైయా అని అరిస్తే కేసు పెట్టొచ్చు, పెట్టనిస్తారా అన్నది వేరే సంగతి. అదే మాట ఇంగ్లీషు స్పెల్లింగుతో ఢిల్లీ సంపాదకీయంలో వస్తే అది మంచి శైలి. మన ఇంగ్లీషు టీచర్లు పదజాలం పాఠంలో ఈ మాటకి అర్థం చెప్పి వదిలేస్తారు. పక్కన ఇంకో రెండు వాక్యాలు, ఒకటి డప్పు గురించీ ఒకటి 1893 పత్రిక గురించీ, చెప్తే ఆ క్లాసులో కూర్చున్న మన పిల్లల మొహాలు వేరేగా ఉంటాయి.

తెలుగు అనువాదకులకి ఒక మాట. పరయా అన్న చోట 'కులభ్రష్టుడు' అని రాసే అలవాటు మానాలి. పైన చెప్పిన పొరపాటుని అది తెలుగులో మళ్లీ అచ్చు వేస్తుంది. పత్రికల వాళ్లకి ఆంక్షలు పడ్డ దేశం గురించి రాయాలంటే 'వెలి' అన్న మాట మనకి ఉండనే ఉంది. ఆరెంట్‌నీ వేబర్‌నీ తెలుగు చేసేటప్పుడు మాత్రం పరియా అనే ఉంచి, అది ఎవరి పేరో అదే పేజీలో రాయాలి.